చిన్న బండ కొనింది మేమే, కానీ తప్పు మాదొక్కరిదే కాదు

పోస్టు పొడుగ్గా ఉంటది. రూముల్లో ఉండి చదువుకునేవాళ్లు, రూముల్లో తమ్ముళ్లనీ చెల్లెళ్లనీ పెట్టి ఊర్లో ఉన్నవాళ్లు దయచేసి చివరిదాకా చదవండి. ఇది మన వంట గురించి, మన ప్రాణం గురించి.

ముందు మా రూములో జరిగింది చెప్తాం. మార్కాపురంలో ఒక రేకుల రూము. నలుగురం ఉంటాం. ఇద్దరు సుగాలీ పిల్లలు, ఒకరు యానాది, ఒకరు దోర్నాల పక్క చెంచు గూడెం నుంచి వచ్చిన తమ్ముడు. హాస్టల్లో సీటు రాలేదు కాబట్టి రూము. రూములో వంటకి ఎర్ర రంగు చిన్న బండ. దాని నెత్తిన బర్నరు బిగించి ఉంటది, అంతే. పైపు లేదు, రెగ్యులేటరు లేదు. పోయిన ఎండాకాలం ఒక రాత్రి అన్నం వండుతుంటే బర్నరు కింద మెడ దగ్గర సన్నగా నీలం మంట లేచింది. నాబు తిప్పితే తిరగలేదు. తలుపేమో స్టవ్వుకి అవతల ఉంది. మాలో ఒకడు తడి గోనెసంచి వేసి, బండను కాలితో తన్ని బయటికి దొర్లించాడు. అదృష్టం బాగుండి ఎవరం పోలేదు. ఒకరి చెయ్యి మోచేతి దాకా కాలింది. ఆ తమ్ముడు ఆ ఏడు పరీక్షలు ఎడమ చేత్తో రాశాడు.

ఆ తర్వాత ఏం జరిగిందో వినండి. ఇంటి ఓనరు మరుసటి రోజు రూము ఖాళీ చేయమన్నాడు. ఆసుపత్రిలో "ఆ బండలు ఎందుకు వాడతార్రా, బుద్ధి లేదా" అన్నారు. ఇంటికి ఫోన్ చేస్తే యాడీ ఏడ్చింది, బాపు తిట్టాడు. ఇంతమంది మమ్మల్ని అడిగారు గానీ, ఆ బండ ఎక్కడ కొన్నారు అని ఒక్కరూ అడగలేదు. వారం తర్వాత ఆ దారిన పోతూ చూశాం. మాకు అమ్మిన కొట్టు ముందర అదే ఎర్ర రంగు బండలు వరసగా వేలాడుతున్నాయి. కొట్టాయన మమ్మల్ని గుర్తుపట్టి "ఏం తమ్ముడూ, గ్యాసు పట్టాలా?" అని అడిగాడు.

ఈ పోస్టు రాయడానికి కారణం ఆ ప్రశ్నే.

ఈ చిన్న బండ మా నలుగురి సంగతి కాదు. గిద్దలూరు, కంభం, యర్రగొండపాలెం, మార్కాపురం, ఎక్కడ మన పిల్లలు రూము తీసుకున్నా అక్కడ ఇది ఉంటది. మిరపకాయ కోతలకి గుంటూరు వైపు పోయే మన తండాల వాళ్ల మూటల్లో ఉంటది. హైదరాబాదు, బెంగళూరు బిల్డింగు పనులకి పోయేవాళ్లు కట్టుబట్టలతో పాటు దీన్నే మోసుకుపోతారు. శ్రీశైలం రోడ్డు పక్కన టీ అంగడి పెట్టుకున్నాయన దగ్గర ఉంటది. శివరాత్రికి బండ్లు కట్టుకోని వచ్చే యాత్రికులు నల్లమలలో దిగి వండుకునేది కూడా దీని మీదే. యాత్రికుడికి అది ఒక పూట సరదా. మనకు అది మూడు వందల అరవై ఐదు రోజుల పొయ్యి.

అసలు దీంట్లో ప్రమాదం ఎక్కడుందో తెలుసుకుందాం. భయపెట్టడానికి చెప్పడం లేదు, తెలిస్తేనే గట్టిగా అడగగలం.

కంపెనీ సిలిండరుకు ఇత్తడి వాల్వు ఉంటది. రెగ్యులేటరు తీయగానే అది తనంతట తానే మూసుకుంటుంది. లోపలి ఒత్తిడిని రెగ్యులేటరు బాగా తగ్గించి స్టవ్వుకి పంపుతుంది. స్టవ్వు ఒక చోట, బండ ఒక చోట ఉంటాయి. బజారు బండకు ఇవేవీ లేవు. మంట సరిగ్గా గ్యాసు నెత్తినే ఉంటది. అన్నం గిన్నె వేడి, మంట వేడి రెండూ బండకే తగులుతాయి. మధ్యలో ఉండేది ఒక రబ్బరు వాషరు. అది ఎండితే, పగిలితే ఇంక అడ్డం ఏమీ లేదు.

రెండోది నింపడం. కంపెనీలో తూకం వేసి నింపుతారు, బండ నిండా నింపరు. ద్రవం ఎంత పోయాలి, పైన ఆవిరికి ఎంత జాగా వదలాలి అని లెక్క ఉంటది, ఎందుకంటే ఎండకి లోపలి ద్రవం ఉబ్బుతుంది. జాగా లేకపోతే ఇనుమే చీలుతుంది. బజార్లో ఏం చేస్తారు? ఇంటి వాడకానికి ఇచ్చిన 14.2 కిలోల పెద్ద బండని తలకిందులు చేసి, ఒక పైపు తగిలించి, చిన్న బండలోకి వదులుతారు. చేత్తో ఎత్తి చూసి "నిండింది" అంటారు. మార్చి, ఏప్రిల్ నెలల్లో మన మార్కాపురం ఎండలో, రేకుల కప్పు కింద, ఆ నిండిన బండ పక్కనే మనం పడుకుంటాం.

మూడోది గ్యాసు గుణం. వంటగ్యాసు గాలికంటే బరువు, పైకి పోదు. కారితే నేల మీద పరుచుకుంటుంది. ఒక లీటరు ద్రవం కారితే దాదాపు 250 లీటర్ల ఆవిరి అవుతుంది. గాలిలో అది 2 శాతం కలిసినా అంటుకోడానికి చాలు. మంచాలు లేని రూముల్లో మనం నేల మీదే కదా పడుకునేది. గ్యాసుకి వాసన రావడానికి మెర్కాప్టన్ అనే మందు కలుపుతారు. కానీ ఆ వాసన నిద్రలో ఉన్నవాడిని లేపుతుందన్న నమ్మకం లేదు.

ఇప్పుడు చట్టం సంగతి. చాలామంది "దీనికి చట్టం లేదు, అందుకే అమ్ముతున్నారు" అనుకుంటున్నారు. అది తప్పు. చట్టం ఉంది, ఒకటి కాదు, నాలుగు ఉన్నాయి.

1884 నాటి ఎక్స్‌ప్లోజివ్స్ చట్టం కింద 2016లో గ్యాస్ సిలిండర్ల నియమాలు వచ్చాయి. అర లీటరు దాటిన గ్యాసు సిలిండరు ఏదైనా వాటి కిందికి వస్తుంది. మన చిన్న బండ అర లీటరు కంటే ఎన్నో రెట్లు పెద్దది. అలాంటి సిలిండరు తయారు చేయాలంటే నాగపూర్ కేంద్రంగా పనిచేసే పెసో అనే కేంద్ర సంస్థ అనుమతి కావాలి. వంటగ్యాసు సిలిండరుకు ఐఎస్ 3196 అని ప్రమాణం, స్టవ్వుకు ఐఎస్ 4246 అని ప్రమాణం ఉన్నాయి. ఐఎస్ఐ మార్కు తప్పనిసరి చేసిన సరుకును మార్కు లేకుండా అమ్మితే 2016 నాటి బీఐఎస్ చట్టం ప్రకారం రెండేళ్ల దాకా జైలు, లేదా రెండు లక్షలకు తగ్గని జరిమానా. నిత్యావసర సరుకుల చట్టం కింద 2000లో వచ్చిన ఎల్పీజీ ఆర్డరు ప్రకారం ఒక బండలోంచి ఇంకో బండలోకి గ్యాసు మార్చడమే నేరం.

ఇంకోటి వినండి. 2021 డిసెంబరులో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ దేశమంతటికీ ఒక హెచ్చరిక ఇచ్చింది. ఐఎస్ఐ మార్కు లేని హెల్మెట్లు, ప్రెషర్ కుక్కర్లు, వంటగ్యాసు సిలిండర్లు కొనొద్దు అని. కొన్ని రోజులకే గ్యాసు స్టవ్వులను కూడా ఆ జాబితాలో కలిపింది. హెచ్చరిక మంచిదే. కానీ ఆ మాట మన బజారులో ఏ గోడ మీద తెలుగులో రాశారు? ఏ తండాలో లంబాడీలో చెప్పారు? ఏ హాస్టలు నోటీసు బోర్డు మీద అంటించారు? మేమైతే చూడలేదు. చూసినవాళ్లు ఉంటే చెప్పండి, సరిదిద్దుకుంటాం.

అంటే లోటు చట్టంలో లేదు. ఆ చట్టం ఎవరి గుమ్మం ముందు ఆగుతుంది, ఎవరి గుమ్మం దాటి పోతుంది అన్నదే మా ప్రశ్న. ఈ బండను ఎక్కడో ఒకడు ఇనుప రేకు వంచి తయారు చేశాడు. ఒకడు లారీలో తెచ్చాడు. ఒకడు హోల్‌సేలుగా పంచాడు. ఒకడు కొట్టులో వేలాడదీశాడు. ఒకడు పెద్ద బండ తలకిందులు చేసి నింపాడు. చివరన దాన్ని వెలిగించింది మనం. ఈ గొలుసులో డబ్బు మిగలంది మనకొక్కరికే, చెయ్యి కాలిందీ మనకే. తనిఖీ మాత్రం చివరి కొస దగ్గరే మొదలవుతుంది, అక్కడే ముగుస్తుంది. హాస్టల్లో దొరికితే వార్డెను లాక్కుంటాడు, రూములో కనిపిస్తే ఓనరు వెళ్లగొడతాడు, టీ అంగడాయన దగ్గర దొరికితే కేసు రాస్తారు.

రైలు సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే మనవాళ్లు చాలామంది దొనకొండ, మార్కాపురం రోడ్డు, కంభం, గిద్దలూరు స్టేషన్లలో రైలెక్కి వలస పోతారు. 2023 ఆగస్టు 26 తెల్లవారుజామున మదురై స్టేషన్ దగ్గర ఆగి ఉన్న ఒక యాత్రికుల బోగీ తగలబడింది. లక్నో వైపు నుంచి వచ్చిన యాత్రికులు బోగీలోకి దొంగతనంగా తెచ్చుకున్న గ్యాసు సిలిండరు మీద టీ కాచబోయారని రైల్వే చెప్పింది. తొమ్మిది మంది చనిపోయారు. రైల్లో గ్యాసు తీసుకుపోవడం 1989 రైల్వే చట్టం ప్రకారం నేరం, జైలు కూడా ఉంది. ఇది మనకు తెలియాలి, మన వలస కూలీలకు చెప్పాలి. మూటలో ఆ బండ ఉంటే ఆపద మనకొక్కరికే కాదు, బోగీలో ఉన్న ప్రతి పసిబిడ్డకూ ఉంటది. కానీ ఒక మాట అడుగుతున్నాం: ఆరు నెలలు వలస పోయే కుటుంబం అక్కడ దేని మీద వండుకోవాలో ఎవరైనా చెప్పారా? పోయిన చోట చట్టబద్ధంగా చిన్న సిలిండరు చేతికి దొరికితే ఇక్కడి నుంచి మోసుకుపోయే గతి ఎందుకు?

ఇక మనకు ఎదురొచ్చే వాదనలు చూద్దాం.

మొదటిది: "కంపెనీవే 5 కిలోల చిన్న సిలిండర్లు ఉన్నాయి కదా, అవి కొనుక్కోవచ్చు కదా." నిజమే, ఉన్నాయి. ఇండేన్ వాళ్లది ఛోటు అంటారు. అడ్రసు ప్రూఫ్ అక్కర్లేదు, గుర్తింపు కార్డు చూపిస్తే చాలు. అది మంచి వస్తువు, దాన్ని మేం తప్పు పట్టడం లేదు. కానీ దాంట్లో రెండు చిక్కులు ఉన్నాయి. ఒకటి, దానికి సబ్సిడీ లేదు. కిలో లెక్కన చూస్తే ఇంటి బండ కంటే ఎక్కువ పడుతుంది. ఇంటి బండ మనకు రాదు, ఎందుకంటే ఒక కుటుంబానికి ఒకటే కనెక్షను. ఉజ్వల కింద తండాలో అమ్మ పేరు మీద ఒకటి ఉంటే, మార్కాపురంలో చదివే కూతురికి ఇంకోటి ఇవ్వరు. 2021లో ఉజ్వల రెండో విడతలో వలస వచ్చినవాళ్లు సొంత డిక్లరేషన్ ఇస్తే చాలన్నారు, మంచిదే. కానీ అది కూడా ఇంట్లో కనెక్షను లేనివాళ్లకే.

రెండో చిక్కు పెద్దది. పేదవాడు కిలో లెక్కన కొంటాడు. నూనె పావు కిలో, బియ్యం రెండు కిలోలు, రీఛార్జి ఒక వారానికి. గ్యాసు కూడా అంతే. జేబులో వంద ఉంటే వందకి ఎంతొస్తే అంత పట్టించుకుంటాం. స్కాలర్‌షిప్ పడేదాకా రోజులు లెక్కపెట్టుకునే పిల్లోడి చేతిలో డిపాజిట్టు, నిండు సిలిండరు ధర, స్టవ్వు, రెగ్యులేటరు, పైపు అన్నిటికీ ఒకేసారి డబ్బు ఎక్కడుంటది? చట్టం కట్టిన సిలిండరు నిండుగానే అమ్ముతారు. చట్టం బయట ఉన్నాయన కిలోలుగా అమ్ముతాడు. మనం ప్రమాదాన్ని ఎంచుకోలేదు, వందకి దొరికేదాన్ని ఎంచుకున్నాం. ఈ తేడా అర్థం కాని అధికారి ఎన్ని హెచ్చరికలు ఇచ్చినా అవి మన రూముకి చేరవు.

రెండో వాదన: "ఇండక్షన్ స్టవ్వు పెట్టుకోండి." రూముల్లో కరెంటు మీటరు ఓనరు చేతిలో ఉంటది. ఇండక్షన్ పెడితే అదనంగా ఇంత ఇవ్వాలంటాడు, లేదా అసలు వద్దంటాడు. పాత వైరింగు దాన్ని మోయదు, ప్లగ్గు కాలుతుంది. ఒప్పుకునే ఓనరు ఉండి, వైరింగు బాగుంటే పెట్టుకోండి, మంచిదే. కానీ అందరికీ అదే మందు అనకండి.

మూడో వాదన: "కట్టెలు లేవా? అడవి బిడ్డలే కదా." ఈ మాట నవ్వుతూ అంటారు. అద్దె రూములో కట్టెల పొయ్యి ఎవడు పెట్టనిస్తాడు? పొగకు అమ్మల కళ్లు, ఊపిరితిత్తులు ఏమయ్యాయో మనకు తెలుసు. ఇంక అడవి అంటారా, నల్లమల ఇప్పుడు నాగార్జునసాగర్ - శ్రీశైలం పులుల అభయారణ్యం. కట్టెల మోపు మీద చెంచు అమ్మకు ఎదురయ్యే ప్రశ్నలు మనం చూస్తూనే ఉన్నాం. అడవిలో కట్టె తేవొద్దు, రూములో చిన్న గ్యాసు వాడొద్దు, కనెక్షను ఇంకోటి ఇవ్వం. మూడూ ఒకేసారి చెప్తే, ఆ మాటకి అర్థం వండుకోవద్దనే కదా?

నాలుగో వాదన మన లోపల్నుంచే వస్తుంది. దీన్ని ఒక సీనియర్ అన్న మాతో గట్టిగానే అన్నాడు. "మీరు ఇట్లా రాస్తే రేపు దాడులు చేసి ఆ కొట్లు మూయిస్తారు. అప్పుడు మన పిల్లలకు ఆ బండ కూడా దొరకదు. పస్తులుంటారు. నోరు మూసుకోని జాగ్రత్తగా వాడుకుంటే పోలా?" అన్నా, నీ భయం ఉత్తది కాదు. ప్రత్యామ్నాయం చూపించకుండా కొట్టు మూయిస్తే కొట్టాయన ఇంకో వీధిలో తెరుస్తాడు, రేటు పెంచుతాడు, బండ ఇంకా పల్చనవుతుంది. అందుకే మేం నిషేధం ఒక్కటే అడగడం లేదు. కానీ నోరు మూసుకోవడం జాగ్రత్త కాదన్నా. మొన్న కాలింది చెయ్యి. రేపు ఇంకేదైనా కావొచ్చు. అప్పుడు కూడా మన పేరే రాస్తారు: "నిర్లక్ష్యం వల్ల" అని.

బీమా సంగతి కూడా తెలుసుకోండి. కంపెనీలో నమోదైన వినియోగదారుకు ప్రమాదం జరిగితే చమురు కంపెనీలు తీసుకున్న బీమా ఉంటది, ప్రాణం పోతే మనిషికి 6 లక్షల రూపాయల దాకా. బజారు బండ పేలితే ఎవడూ జవాబుదారీ కాదు. దాని మీద తయారు చేసినవాడి పేరు కూడా ఉండదు.

మరి ఏం చేయాలి? చేయలేని పని ఏమీ అడగడం లేదు. ఇంకో చోట చేసిందే అడుగుతున్నాం. 2022లో పక్క రాష్ట్రం తమిళనాడులో సహకార శాఖ తన దుకాణాల్లో 2 కిలోల, 5 కిలోల సిలిండర్ల అమ్మకం మొదలుపెట్టింది. 2 కిలోలది కూడా చట్టబద్ధంగా, సీలు వేసి, తూకం వేసి. 2021 అక్టోబరులో కేంద్ర ఆహార శాఖ రేషన్ షాపుల్లో చిన్న సిలిండర్లు అమ్మే ఆలోచనను రాష్ట్రాల ముందు పెట్టింది. మన రాష్ట్రంలో 1956 నుంచి గిరిజన సహకార సంస్థ ఉంది. మనం జీసీసీ అంటాం. మన తేనె కొంటుంది, సబ్బులు అమ్ముతుంది, ఏజెన్సీలో గ్యాసు పంపిణీ కూడా చేస్తుంది. గిరిజనుడి దగ్గర తేనె కొన్న సంస్థ గిరిజన విద్యార్థికి చిన్న సిలిండరు అమ్మలేదా? 2016 నియమాల ప్రకారమే 100 కిలోల దాకా వంటగ్యాసు నిల్వకు ప్రత్యేక లైసెన్సు అక్కర్లేదు. అంటే 5 కిలోలవి ఇరవై సిలిండర్లు ఒక డిపోలో పెట్టుకోవచ్చు. ఒక కాలేజీ వీధికి అది చిన్న సంఖ్య కాదు.

మేం అడిగేవి ఇవి:

1. దోర్నాల, యర్రగొండపాలెం, మార్కాపురం, కంభం, గిద్దలూరులో జీసీసీ డిపోల ద్వారా గానీ రేషన్ షాపుల ద్వారా గానీ సీలు ఉన్న 2 కిలోల, 5 కిలోల సిలిండర్లు అమ్మాలి. సాయంత్రం కాలేజీ విడిచాక కూడా దొరకాలి.

2. రూముల్లో ఉండి చదివే ఎస్టీ విద్యార్థుల డిపాజిట్టు గిరిజన సంక్షేమ శాఖ, చెంచు పిల్లలకైతే శ్రీశైలం ఐటీడీఏ భరించాలి. రీఫిల్లు ఇంటి బండ రేటు లెక్కన ఇవ్వాలి.

3. పాత బండలు లాక్కోవడం కాదు, మార్చి ఇవ్వాలి. ఎర్ర బండ తెచ్చినవాడికి కంపెనీ బండ చేతికివ్వాలి. తెచ్చినవాడి మీద కేసు పెట్టకూడదు.

4. పౌరసరఫరాలు, తూనికలు కొలతలు, బీఐఎస్, పోలీసు శాఖలు కలిసి తనిఖీ హోల్‌సేలు దగ్గర మొదలుపెట్టాలి. కొట్టులో ఒక బండ దొరికితే అది ఎక్కడి నుంచి వచ్చిందో పైదాకా పోవాలి. ఇంటి బండలు రీఫిల్లు దందాకి ఎలా చేరుతున్నాయో తేల్చాలి.

5. 2021 నాటి ఆ హెచ్చరికను తెలుగులో, బొమ్మలతో, ప్రతి హాస్టల్లో, సచివాలయంలో, బస్టాండులో, రైల్వే స్టేషన్లో అంటించాలి. తండాల్లో లంబాడీలో నోటితో చెప్పాలి. చదువురాని అమ్మకి పోస్టరు సరిపోదు.

6. అన్నిటికంటే ముందు, హాస్టలు సీట్లు పెంచాలి. మెస్సు ఉన్న పిల్లోడికి ఈ పోస్టు చదివే అవసరమే ఉండదు.

ఈ అర్జీని సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో ఇవ్వాలని అనుకుంటున్నాం. దాంతో పాటు 2005 సమాచార హక్కు చట్టం కింద ఒక దరఖాస్తు: మూడేళ్లలో మన ప్రాంతంలో మార్కు లేని సిలిండర్ల మీద ఎన్ని తనిఖీలు చేశారు, ఎంతమంది తయారీదారుల మీద, ఎంతమంది వాడకందారుల మీద కేసులు పెట్టారు అని. జవాబు ఏదొచ్చినా ఇక్కడే పెడతాం. మనకి అనుకూలంగా వచ్చినా, రాకపోయినా.

ఇప్పుడు మన వంతు. ఎదుటివాళ్లని అడిగే ముందు మనల్ని మనం కూడా అడుక్కోవాలి. పరీక్షలు అయిపోయి ఊరెళ్లే సీనియర్లు పాత బండని జూనియర్‌కి ఐదొందలకి అంటగట్టడం ఆపండి. అది తమ్ముడికి చేసే మేలు కాదు. మనలో ఎవరైనా ఖర్చులకోసం రూము వెనక గ్యాసు పట్టే పని చేస్తుంటే, అన్నా, ఇవాళే మానుకో.

మంచిది దొరికేదాకా, ఇవి పాటించండి:

నలుగురైదుగురు రూములవాళ్లు కలిసి ఒక కంపెనీ 5 కిలోల సిలిండరు తీసుకోండి. డిపాజిట్టు పంచుకుంటే భారం తగ్గుతుంది. సిలిండరు పట్టీ మీద లోపలి వైపు ఇంగ్లీషులో ఏ, బీ, సీ, డీ అక్షరాల్లో ఒకటి, పక్కన సంవత్సరం ఉంటది. ఏ అంటే మార్చి దాకా, బీ అంటే జూన్, సీ అంటే సెప్టెంబరు, డీ అంటే డిసెంబరు. ఆ గడువు దాటిన సిలిండరు ఇస్తే వద్దని చెప్పండి, అది మన హక్కు. లీకు చూడటానికి అగ్గిపుల్ల గీయొద్దు, సబ్బు నురగ రాయండి. స్టవ్వు తలుపుకీ మనకీ మధ్యన పెట్టొద్దు. తప్పించుకునే దారి మన వెనక ఉండాలి. వండిన తర్వాత వాల్వు మూసి పడుకోండి. గ్యాసు వాసన వస్తే లైటు వేయొద్దు, ఆర్పొద్దు. ఫోను కూడా అక్కడ తీయొద్దు. తలుపులు తెరిచి బయటికొచ్చి 1906కి చెయ్యండి. అది వంటగ్యాసు లీకులకే ఉన్న నంబరు. ఎర్ర బండ ఇంకా వాడుతున్నవాళ్లు కనీసం దాని పక్కన పడుకోకండి. రైల్లో, బస్సులో ఏ బండా తీసుకుపోవద్దు.

చివరగా ఒక్క మాట. మన పెద్దోళ్లు పొయ్యి రాజేసేటప్పుడు ముందు గాలి ఎటు వీస్తుందో చూసేవాళ్లు. ఈ గాలి ఎప్పుడూ మన వైపే వీస్తోంది. మంట వాళ్లు పెడతారు, పొగ మనకొస్తుంది. దాన్ని మార్చాలంటే రూములో ఎవడికి వాడే జాగ్రత్త పడితే సరిపోదు. అర్జీ మీద సంతకాలు కావాలి. ఏ ఊర్లో ఎంతమంది రూముల్లో వండుకుంటున్నారో, ఏ బండ మీద వండుకుంటున్నారో రాసి పంపండి. పేర్లు బయటపెట్టం.

మా రూము తమ్ముడి చెయ్యి మానింది. మచ్చ మాత్రం అట్లనే ఉంది. ఆ కొట్టు ముందర ఎర్ర బండలు కూడా అట్లనే ఉన్నాయి. ఈ రెండిట్లో రెండోది పోయేదాకా మేం అడుగుతూనే ఉంటాం.

జై ఆదివాసీ! జై భీమ్! జై సేవాలాల్!